చేటెడు తవుడు

మే 27
40వ స్తంభం నుంచి 46 దాకా. గోడ పొడి. 44 దగ్గర గుటక చప్పుడు, పాతదే.

ఈ పుస్తకంలో గోడ సంగతి తప్ప ఇంకో మాట రాయకూడదని రూలు. రూలు పెట్టినవాళ్లు పదేళ్లుగా ఈ పుస్తకం తెరిచిన పాపాన పోలేదు. కాబట్టి రాస్తున్నాను.

ఇవాళ ఓస్కా దీవుల నుంచి నాకు పిలుపొచ్చింది. పదకొండేళ్లు జాబితాలో నిలబడితే వచ్చిన పిలుపు. కాగితం చేతిలో పెట్టుకుని మూడుసార్లు చదివాను. నాలుగోసారి మా అమ్మ ఫొటోకి చదివి వినిపించాను.

ఇక్కడ మా సముద్రపు గోడని వచ్చే ఏడాది వదిలేస్తున్నారు. ఊరు ఊరంతా మెట్టకి జరిగిపోతుంది. గోడే లేని ఊళ్లో గోడకి చెవిపెట్టి వినేదానికి పనేముంటుంది? మమ్మల్ని చేపలు ఎండబెట్టే షెడ్డులో వేస్తారట. నాకు ఈ పని తప్ప ఇంకేదీ రాదు, వద్దు కూడా. ఇనుప కడ్డీ ఒక కొస గోడకి, ఇంకో కొస చెవికి ఆనించి, లోపల నీరు ఏ మూల నుంచి వస్తోందో వింటుంటే నాకు ఆకలి తెలియదు. ఓస్కాలో కొత్త గోడలు కడుతున్నారు. మా తీరం మొత్తానికి ఒక్క ఖాళీ ఇచ్చారు. షరతు కూడా ఒక్కటే, ముప్ఫై అయిదు నిండకముందే ఓడెక్కాలి. నాకు ఆగస్టు తొమ్మిదికి నిండుతాయి. ఓడ జూలై ముప్ఫైన. ఇది పోతే మరి లేదు.

కాంచనకి చెబితే గోడ మీదే నన్ను ఎత్తి గిర్రున తిప్పింది. ఆరేళ్లుగా నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల, నాకంటే మూడేళ్లు చిన్న. అక్కని మా వైపు అప్ప అంటాం. "అప్పా, ఇంక నిన్నెవులాపుతారు! కాయితాలన్నీ నాను సూసుకుంటాను, నువ్వు గోడ సూసుకో" అంది. నా మొదటి కడ్డీ ఇప్పటికీ దాని చేతిలోనే ఉంది. సొంత చెల్లెలున్నా ఇంతే చేస్తుంది అనుకున్నాను.

మే 31
సెలవు. సాక్షి భవనానికి వెళ్లాం.

కాగితాలతో పరదేశం వెళ్లిన కాలం ఎలా ఉండేదో మా అమ్మ చెప్పేది. పత్రం జిరాక్సు తీసి, ఎవరిచేతో ముద్ర వేయించుకుంటే సరిపోయేదట. తర్వాత కల్తీ ఏళ్లు వచ్చాయి. యంత్రాలు ఏ ముఖాన్నైనా, ఏ గొంతునైనా, ఏ ముద్రనైనా అచ్చం అలాగే పుట్టించేశాయి. ఒక్కో మనిషికి పదకొండు పుట్టినపత్రాలు. చచ్చిపోయినవాళ్లు కూడా డిగ్రీలు పాసయ్యారు. చివరికి రిజిస్టర్లన్నీ చెల్లవని కొట్టేశారు. ఇప్పుడు కాగితానికి విలువ లేదు, దాని వెనక నిలబడి మాట్లాడే మనిషికే విలువ. యంత్రం విన్న గోడని నమ్మరు గనకనే నాకూ కూడు దొరుకుతోంది. అంచేత ఈ పద్ధతిని తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిట్టాను, క్యూ అంత పొడుగుంది మరి.

ముగ్గురు సాక్షులు కావాలి. పుట్టుకకి ఒకరు, చదువుకి ఒకరు, పనికి ఒకరు. ముగ్గురూ ప్రాణాలతో ఉండాలి, కళ్లారా చూసినవాళ్లు కావాలి. ఒక్కొక్కరే లోపలి గదిలో కుర్చీలో కూర్చోవాలి. కుర్చీ చేతికి గాజుగిన్నె, అందులో నీళ్లు. చెయ్యి దాని మీద పెట్టి మాట్లాడాలి. అబద్ధమాడితే నీళ్లు వణుకుతాయి. మన కాగితాల కోసమే అయినా మనల్ని లోపలికి రానివ్వరు. ఆ మూడు సాక్ష్యాలు కుదిరితే జిల్లా ముద్ర, దాని మీద రాజ్యం ముద్ర, ఆ పైన ఓస్కా వాళ్ల పరిశీలన. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇక్కడ గుమ్మం మీద రాసి పెట్టొచ్చు.

కూర్మారావుగారని గుమస్తా, మందపాటి కళ్లద్దాలు. దరఖాస్తు ఇచ్చాడు. ఓస్కా వాళ్ల కోసం అందులో ఒక గడి ఎక్కువ ఉంది, 'పేరుకు అర్థం' అని. నా పేరు తవిటమ్మ. ఉన్నదున్నట్టు 'తవుడుకు కొన్న పిల్ల' అని రాశాను. పక్కనుంచి కాంచన తొంగి చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

జూన్ 6
31 నుంచి 39. పొడి. 35 దగ్గర చెమ్మ, సున్నం పూయమని చెప్పాను.

రెండు సాక్ష్యాలు అయ్యాయి. మా పాత మేస్త్రి సింహాచలంగారు పనికి సాక్ష్యం ఇచ్చి వచ్చారు. చదువుకి మా లెక్కల టీచరు. ఇద్దరివీ నీళ్లు కదల్లేదట. లోపల ఏం అడిగారో, ఏం చెప్పారో మనకి తెలియదు. పత్రం ఆగిపోతేనే ఆ మాటల నకలు ఇస్తారు. సాగిపోతే ముద్ర ఒక్కటే.

మిగిలింది పుట్టుక. నేను పుట్టినప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్లలో ఇప్పుడు బతికి ఉన్నది ఒక్క మా కొన్నమ్మే.

కొన్నమ్మ అంటే కాంచన తల్లి. మా పక్కిల్లు. ఆమెని అలా ఎందుకు పిలుస్తానో రాయాలి. మా అమ్మకి నాకంటే ముందు ముగ్గురు పుట్టి పురిట్లోనే పోయారు. ఆసుపత్రులు మునిగిపోయిన కాలం అది. నాలుగో కాన్పు నేను. మా వైపు అలాంటి ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డని చేటలో పడుకోబెట్టి పక్కింటావిడకి తవుడుకి అమ్మేస్తారు. ఈ బిడ్డ ఈ ఇంటిది కాదు, ఎవరో పశువుల తవుడిచ్చి కొనుక్కుపోయారు అని మృత్యువుని నమ్మించడమన్నమాట. బిడ్డ మాత్రం కన్నతల్లి ఒళ్లోనే పెరుగుతుంది. తిరిగి ఇచ్చేశామని మాత్రం ఎవరూ నోటితో అనకూడదు. అంటే అది వినేస్తుందని భయం.

అలా కొన్నమ్మ నన్ను చేటెడు తవుడుకి కొంది. పండగకి నాకూ కాంచనకీ ఒకే తానులో గుడ్డ తీసేది. అమ్మ పోయిన నాలుగేళ్ల నుంచి ఆదివారం నా భోజనం వాళ్లింట్లోనే.

జూన్ 12
కొన్నమ్మని సాక్షి భవనానికి తీసుకెళ్లాం. కాంచనే తల దువ్వి, కొత్త చీర కట్టి, రిక్షా మాట్లాడి తెచ్చింది. దారిలో తల్లి చెయ్యి పట్టుకుని ఏదో చెబుతూనే ఉంది. ముసలావిడ కంగారు పడకుండా ధైర్యం చెబుతోందనుకున్నాను.

లోపల ఎనిమిది నిముషాలు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది.

"ఏటడిగినారు కొన్నమ్మా?"

"అడిగినదానికి సెప్పినాను."

"నీలు కదిలాయేటి?"

"నానబద్దమాడతానేటే, గుంటా?" అని నా వైపు చూడకుండా కొంగుతో మూతి తుడుచుకుంది. మొహమాటం అనుకున్నాను. ఎండలో తిప్పినందుకు కోపమేమో అని కూడా అనుకున్నాను. మనం నమ్మినవాళ్ల మొహంలో ఏం కనిపించినా దానికి మంచి కారణమే వెతుక్కుంటాం.

జూన్ 21
పత్రం ఆగింది.

కూర్మారావుగారు నన్ను పిలిచి నకలు చేతిలో పెట్టాడు. ఇక్కడ అతికిస్తే పుస్తకం పాడవుతుంది, చేత్తోనే రాస్తున్నాను.

ప్రశ్న: ఈ మనిషి మీకు ఎలా తెలుసు?
జవాబు: కొన్నాను.
ప్రశ్న: ఎవరి దగ్గర?
జవాబు: కన్నదాని దగ్గర.
ప్రశ్న: దేనికి?
జవాబు: చేటెడు తవుడుకి.
ప్రశ్న: తిరిగి ఇచ్చేశారా?
జవాబు: నేదు.
ప్రశ్న: ఇప్పుడు ఈ మనిషి ఎవరి బిడ్డ?
జవాబు: నా బిడ్డే.

కింద ఎర్రసిరాతో, 'నీళ్లు కదలలేదు. కొనుగోలు వ్యక్తి. దరఖాస్తుదారు తన చేతితో రాసిన పేరు అర్థం కూడా దీన్ని బలపరుస్తోంది. విచారణకు పంపవలెను.' విచారణకి తక్కువలో తక్కువ పద్నాలుగు నెలలు.

నాకు ముందు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. "కూర్మారావుగారూ, ఇది మొక్కుబడి వ్యవహారం. మీకు తెలీదా?"

"ఎందుకు తెలీదమ్మా, మా బావమరిది పేరు తవిటినాయుడే" అన్నాడాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ. "నాకు తెలుసు, మీకు తెలుసు, బయట టీ అమ్మేవాడికీ తెలుసు. కానీ ఓస్కావాడికి తెలీదు కదా. వాడి కంట్లో మిమ్మల్ని అమ్మారు, కొన్నారు. అమ్ముడుపోయిన మనిషిని వాళ్లు ఓడెక్కించుకోరు. తప్పు వాళ్లది కూడా కాదు, మనుషుల్ని నిజంగానే అమ్ముకునేవాళ్లు ఉన్నారు గనక పెట్టిన రూలు."

"నేను చెబుతాను కుర్చీలో కూర్చుని."

"మీ పుట్టుకకి మీరు సాక్షి కారు."

"మీరు చెప్పండి."

"నేను చూశానేటి? చెప్పిన మనిషే మళ్లీ వచ్చి ఒక్క ముక్క కలిపితే చాలు. ఇది మా ఆచారం, బిడ్డ తల్లి దగ్గరే పెరిగింది, అని. పది రోజులు టైముంది. జూలై ఒకటి సాయంత్రం దాకా."

ఒక్క ముక్కే కదా అనుకుంటూ వచ్చాను. పాపం ముసలావిడకి ఏం తెలుసు, అడిగినదానికి ఉన్నమాట చెప్పింది. బుద్ధి లేనిదాన్ని నేనే. 'పేరుకు అర్థం' గడిలో ఏమీ తెలియదని రాసి ఉంటే పోయేది. మా ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి లోకమంతటికీ తెలుసనుకోవడం, అది మా ఊరి తెలివి.

జూన్ 25
47 నుంచి 52. పొడి. సరిగ్గా వినలేదు, రేపు మళ్లీ వినాలి.

కొన్నమ్మకి మోకాలి నొప్పట. నిన్న జ్వరమట. మొన్న అమావాస్యట. రిక్షా తెస్తానంటే కుదుపులకి నడుం పట్టేస్తుందంది. "కుర్చీ మోయించుకుని తీసుకెళ్తాను" అన్నాను. కాంచన నన్ను పక్కకి తీసుకెళ్లి, "పెద్ద పేనం అప్పా, తొందరపెట్టకు. నాను ఒప్పిత్తాను కదా" అంది. ఒప్పిస్తానంది గనక నేను ఇంటికొచ్చి పడుకున్నాను.

జూన్ 30
గోడకి వెళ్లలేదు. ఈ పుస్తకంలో మొదటిసారి ఈ మాట రాస్తున్నాను.

పొద్దున్నే సాక్షి భవనానికి వెళ్లాను, గడువు రెండు రోజులు పెంచుతారేమో అడుగుదామని. పెంచరు. వస్తుంటే వరండాలో ఓస్కా జాబితా అంటించి ఉంది. మొదటి పేరు నాది, పక్కన 'విచారణ' అని చిన్న అక్షరాలు. రెండో పేరు కాంచనది, మొదటి పేరు ఆగిపోతే ఖాళీ దానికే. దరఖాస్తు తేదీ జూన్ 11. తల్లిని తల దువ్వి తెచ్చిన రోజుకి ముందు రోజు.

ఏ కాగితం ఏ కిటికీలో ఇవ్వాలో, ఏ సాక్షి ఎంతసేపు మాట్లాడితే ఏమవుతుందో, పత్రం దేనికి ఆగుతుందో, అన్నీ దానికి విప్పి చెప్పింది నేనే. నాతోపాటు తిరిగి నేర్చుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారు. నా బతుకులో ఈ సామెత నాకు పనికొస్తుందని అనుకోలేదు.

అక్కడినుంచి నేరుగా కొన్నమ్మ దగ్గరికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. మోకాలు బాగానే మడిచింది.

"కొన్నమ్మా, రేపటితో అయిపోతాది. ఒక్కసారి రా. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఒక నోటికి ఒక మాటేనే. కుర్సీలో కూకుని మాట తిప్పితే నీలు ఒణుకుతాయంట, నన్ను జైల్లో ఏస్తారంట."

"ఎవులు సెప్పినారు?"

"కాంచన."

"ఇంకేటి సెప్పింది?"

ఆమె రాయి కింద పెట్టింది. చేతులకి జీడి నల్లగా అంటుకుని ఉంది. "అడిగినదానికే సెప్పు, ఎక్కువ సెప్పకు అంది. తవుడు మాట మాత్రం మర్సిపోకు అంది."

ఆమే మళ్లీ అంది, ఈసారి నా మొహంలోకి చూస్తూ. "ఒక పక్క కన్నది, ఒక పక్క కొన్నది. నన్నేటి సెయ్యమంటావే తల్లీ? నువ్వు గట్టిదానివి, ఎలాగోలాగ బతుకుతావు. అది బతకనేదు."

అంటే ఆమెకీ తెలుసు. అమాయకురాలని, పెద్దదని, తెలియక అందని పది రోజులుగా నేను అల్లుకున్నదంతా అక్కడే విడిపోయింది. ముగ్గుర్ని పోగొట్టుకున్న మా అమ్మ, నాలుగోదాన్నైనా దక్కించుకోవాలని, పచ్చి బాలింత, నన్ను ఈ మనిషి చేతుల్లో పెట్టింది. ఊరందరిలో ఈమెనే నమ్మి పెట్టింది. మా అమ్మ నన్ను బతికించుకోడానికి చేసిన పనితోనే వీళ్లు నా కాళ్లు విరగ్గొట్టారు. ఇంతకంటే నన్ను గోడ మీంచి తోసేసి ఉంటే బాధపడేదాన్ని కాదు. మంచినీళ్లు తాగి వెళ్లమంది. తాగలేదు.

జూలై 2
40 నుంచి 46. పొడి అని రాస్తున్నాను. నా చెవుల మీద నాకే నమ్మకం లేదు.

గడువు నిన్న సాయంత్రంతో అయిపోయింది. ఎవరూ వెళ్లలేదు.

కాంచన తనే గోడ మీదికి వచ్చింది. దాక్కుంటుందనుకున్నాను. రాలేకపోతుందనుకున్నాను. వచ్చి, రోజూ నిలబడే చోటే నిలబడింది.

"అప్పా, తిట్టాలంటే తిట్టీ."

"ఎప్పుడనుకున్నావు ఈ పని?"

"నీకు పిలుపొచ్చిన రోజు కాదు. తరవాత. ఆ గడిలో నువ్వు పేరుకి అర్తం రాసినప్పుడు." చెప్పేటప్పుడు నేనిచ్చిన కడ్డీని వదల్లేదు, అది మాత్రం రాయాలి. "నువ్వెల్లిపోతే నానేటవుతాను? సేపల సెడ్డులో ముసలిదాన్నయిపోతాను. ఒక్క కాళీయే ఇచ్చినారు. నువ్వెల్లినా నానెల్లినా ఒకటే కాదేటి? నీ పనే కదా నా సేతిలో ఉన్నాది."

"నాకు చెప్పి ఉంటే?"

"సెపితే నువ్వు ఒగ్గేస్తావా?"

ఒగ్గను. వదిలేదాన్ని కాదు. అది నిజమే, ఆ నిజం కూడా దాని వైపే మాట్లాడింది.

"అమ్మ అబద్దమాడనేదు అప్పా" అంది మెల్లిగా.

"తెలుసు. అబద్ధమాడకుండా గొంతు కొయ్యొచ్చని ఈ ఊళ్లో నాకెవరూ చెప్పలేదు. చిన్నప్పుడు చెప్పుంటే బాగుండేది."

కల్తీ ఏళ్లలో అందరూ అబద్ధాలకి భయపడి ఆ కుర్చీ కట్టారు. నిజాన్ని ముక్క కోసి, పనికొచ్చే ముక్క మాత్రం గిన్నెలో వేస్తే ఏమవుతుందో కట్టినవాళ్లకి తట్టలేదు. లేదా తట్టినా మాకు చెప్పలేదు. కాంచనని కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి లేచింది కూడా. అది కళ్లు మూసుకుని నిలబడింది, దెబ్బ తింటే అప్పు తీరిపోతుందన్నట్టు. అంత తేలిగ్గా తీర్చుకోనివ్వడం ఇష్టం లేక చెయ్యి దించేశాను.

జూలై 11
సమన్లు వచ్చాయి. కాంచన పత్రానికి పని సాక్షిని నేనే. దానికి పని నేర్పింది నేనొక్కదాన్నే మరి.

నేర్పినవాళ్లు సాక్ష్యానికి రానంటే వాళ్ల గోడపని లైసెన్సు రద్దు. అది కాంచనకి తెలుసు. నేనే ఎప్పుడో చెప్పాను.

సరే. వెళ్తాను. నాకూ ఒక నిజం తెలుసు. రెండేళ్ల కిందట తుపాను హెచ్చరిక ఉన్న రోజు, కాపలాలో, 52వ స్తంభానికి వీపు ఆనించి కాంచన నిద్రపోయింది. నేనే తట్టి లేపాను. జ్వరంతో ఉండి కూడా డ్యూటీకి వచ్చింది పాపం అని ఎవరికీ చెప్పలేదు, ఈ పుస్తకంలో కూడా రాయలేదు. ఆ జ్వరం సంగతి మాత్రం ఎవరైనా అడిగితేనే చెబుతాను. అడక్కపోతే చెప్పను. ఆ విద్య నాకూ వచ్చింది ఇప్పుడు. కాపలాలో నిద్రపోయినదాన్ని ఓస్కావాడు గోడ దగ్గరికి కూడా రానివ్వడు. నీళ్లు కదలవు.

ఇది రాస్తుంటే సిగ్గేయలేదు. వేస్తుందేమోనని కాసేపు ఆగి చూశాను.

జూలై 14
కుర్చీ అనుకున్నంత గొప్పగా లేదు. మా బడిలో బెంచీలాంటి చెక్క. గాజుగిన్నె చల్లగా ఉంది. కాంచన బయట వరండాలో కూర్చుంది. ఎదురుగా కూర్మారావుగారు, చేతిలో అచ్చు కాగితం.

"ఈమె మీ దగ్గర పని నేర్చుకుందా?"

"నేర్చుకుంది."

"ఎన్నాళ్లు?"

"ఆరేళ్లు. రెండేళ్ల కిందట తుపాను రోజున..."

"అడిగినదానికే చెప్పండమ్మా. ఈమె విని నిలుస్తుందన్న గోడల్లో ఎన్ని కూలాయి?"

నాలిక చివర దాకా వచ్చిన నిద్ర సంగతి అక్కడే ఆగిపోయింది. కూలినవి లెక్కపెడదామని వెతికాను. దొరకలేదు. "ఒక్కటీ లేదు" అన్నాను.

ఆయన కాగితం తిప్పాడు. "ఇది ఆఖరుది. గోడపనివాళ్లకి మాత్రమే అడుగుతాం. రేపు ఒక గోడ నిలుస్తుందని ఈమె చెబితే, ఆ మాట మీద మీరు ఆ గోడ కింద నిలబడతారా?"

ఇంతకంటే మంచి ప్రశ్న నేనే రాసుకున్నా రాయలేను. ఇన్ని రోజులుగా మింగిందంతా ఒక్క మాటలో కక్కేయొచ్చు. దీన్ని నమ్ముతానా? దీన్నా?

"నిలబడను" అన్నాను.

గిన్నెలో నీళ్లు వణికాయి.

మొదట నా చెయ్యి వణికిందనుకున్నాను. చెయ్యి కదల్లేదు. నీళ్లు మాత్రం అంచుల దాకా పోయి వచ్చాయి. కూర్మారావుగారు కలం ఎత్తి పట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"అమ్మా, ఇది అబద్ధమని వచ్చింది. ఇంకోసారి అడుగుతాను. ఈసారీ కదిలితే మీ లైసెన్సు పోతుంది, మీ మాట మరెక్కడా చెల్లదు. నిదానంగా చెప్పండి."

నాకు కిందటేడు వరద గుర్తొచ్చింది. 31 దగ్గర గోడ పగుళ్లిచ్చి, కింద ఇసుకబస్తాలు వేయడానికి మనిషి కావాలి. కాంచన కడ్డీకి చెవి పెట్టి, కళ్లు మూసుకుని, "నిలుత్తాది అప్పా, దిగు" అంది. నేను దిగాను. మెడ మీద సముద్రం ఉంది. నాలుగు గంటలు కింద ఉన్నాను, ఒక్కసారి కూడా తలెత్తి గోడని చూడలేదు. అది చెప్పింది గనక చూడలేదు. ఇప్పుడు నా మనసు ఎంత మొత్తుకున్నా ఆ నాలుగు గంటలు నా ఒంట్లోంచి పోలేదు. వాళ్లిద్దరూ నన్ను మోసం చేశారని ఇన్నాళ్లూ ఏడ్చాను. చివరికి నా ఒళ్లు కూడా నాకు కాకుండా పోయింది. దానికి కాంచన మీద ఇంకా నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని ఎక్కడినుంచి పీకాలో నాకు తెలియడం లేదు.

"చెప్పండమ్మా."

"గోడ మాటైతే నిలబడతాను" అన్నాను. "మనిషి మాటైతే నిలబడను. ఈ జన్మకి నిలబడను."

నీళ్లు కదలలేదు. అంత నిలకడగా ఉన్న నీళ్లు నేనెప్పుడూ చూడలేదు.

కూర్మారావుగారు కలం దించాడు. ఆయనకి అంతా తెలుసు. నకలు ఇచ్చింది ఆయనే, జాబితా అంటించింది ఆయనే. చివరికి కాగితం మీదికి వంగి, "రెండో మాటకి ఇందులో గడి లేదమ్మా" అన్నాడు. 'నిలబడతారు' అని రాసి, నీలం ముద్ర వేశాడు. నా మాటలో ఆయనకి పనికొచ్చిన సగమే ఆయన తీసుకున్నాడు. తప్పు పట్టడానికి లేదు, ఆ సగం కూడా నిజమే.

బయటికి వచ్చాను. కాంచన లేచి నిలబడింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "ఏటన్నావప్పా?"

"నువ్వు చెబితే గోడ కింద నిలబడతానన్నాను. మీ గుమ్మంలో మాత్రం ఇంక నిలబడను. మీ అమ్మకి చెప్పు, ఆదివారం నాకు బియ్యం వెయ్యొద్దని."

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ ఏడుపు కాదు, నాకు తెలుసు. నా కాళ్లకి వంగబోయింది, నేను వెనక్కి జరిగాను. అప్పుడే లోపలినుంచి కూర్మారావుగారు దాని పేరు పిలిచాడు. అది గబగబా వెళ్లి కాగితం అందుకుంది. ముద్ర ఇంకా తడిగా ఉంది. చెరిగిపోకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, నోటితో ఊదుకుంటూ, నా పక్కనుంచే మెట్లు దిగి వెళ్లిపోయింది.